శ్రీ త్యాగరాజస్వామి: బాహ్యపూజ, అంతరంగభక్తి

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఎవరైన నొక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు, నాకు వెంటనే ఒక చందాదారుడు అడిగిన ప్రశ్న జ్ఞాపకము వచ్చినది. ఆయన త్యాగరాజస్వామివారి కీర్తనల పుస్తకమును పక్షము దినములు ఉంచుకొని, తిరిగి యిచ్చుచు నాతో ఒక సందేహము చెప్పెను. మనస్సు నిలుపలేని వానికి గంట మ్రోగించి చేయు పూజవలన ప్రయోజనము లేదని ఈ మహానుభావుడు పాడినాడు గదా. మరి ప్రతిదినము తానే గంట మ్రోగించి, పూలు చల్లి, హారతి పట్టినాడనియు ఈ పుస్తకముననే యున్నది. ఈ రెండింటిలో దేనిని నమ్మవలెనని ఆయన సందేహము. అప్పుడు నాకు తగిన సమాధానము తోచలేదు. బీరువాకు తాళము వేయు వేళ యైనదని చెప్పి తప్పించుకొంటిని. ఆ బాకీని ఈ వ్యాసముతో కొంత తీర్చుకొనవలెనని నా యత్నము.

త్యాగరాజస్వామి 1767వ సంవత్సరము మే 4వ తేదీన తంజావూరు సీమలోని తిరువారూరున జన్మించిరి. తండ్రి కాకర్ల రామబ్రహ్మము, తల్లి సీతమ్మ. తిరువారూరులో వెలసిన త్యాగరాజేశ్వరుని పేరే బిడ్డకు పెట్టిరి. కర్ణాటక సంగీతమునకు మూర్తిత్రయమని చెప్పబడు మిగిలిన యిరువురు, శ్యామశాస్త్రియు ముత్తుస్వామి దీక్షితులును, ఆ యూరనే ఆ కాలముననే పుట్టుట ఒక విశేషము. కాకర్లవారి పూర్వులు కంభము ప్రాంతపు కాకర్ల గ్రామమునుండి దక్షిణమునకు తరలిపోయిన తెలుగువారని పెద్దలు చెప్పుదురు. అరవదేశమున తెలుగు కీర్తన ఎట్లు పుట్టినదని మనలో కొందరు ఆశ్చర్యపడుదురు. తంజావూరు నేలిన నాయకరాజులు తెలుగువారు. వారి వెనుక వచ్చిన మరాఠా రాజులును ఆస్థానమున తెలుగును విడువలేదు. కావున కావేరి ఒడ్డున తెలుగు ఇంటిలో తెలుగు పాట పుట్టుటలో వింత లేదు.

రామబ్రహ్మముగారు తంజావూరు సంస్థానమున రామాయణ ప్రవచనము చేసెడివారు. రాజు ఆయనకు తిరువయ్యారులో తిరుమంజన వీధిని ఒక ఇల్లు ఇప్పించెను. ఆ యింటనే త్యాగయ్య పెరిగిరి. తండ్రి రామాయణము చదువుచుండగా వినుట, తల్లి పాడు పురందరదాస కీర్తనలు నేర్చుట, పోతనగారి భాగవతమును పారాయణ చేయుట, ఇవి ఆయనకు తొలిచదువులు. సంగీతమున గురువు ఆస్థాన విద్వాంసుడైన శొంఠి వెంకటరమణయ్యగారు. ఆ గురువు గొప్ప వైణికుడు. రాజసన్మానములు పొందిన వంశమువాడు. శిష్యుడుకూడ ఆ త్రోవనే నడచియుండినచో, ఇల్లు నిండియుండెడిది, అన్నదమ్ములకు తగవు లేకుండెడిది.

రామకృష్ణానందులను యతి యొకరు త్యాగయ్యకు రామతారక మంత్రము ఉపదేశించిరనియు, ఆయన 96 కోట్ల సార్లు జపించిరనియు శిష్యపరంపర వ్రాసిన చరిత్రలు చెప్పుచున్నవి. ఇక్కడ కొంచెము నిలిచి లెక్క చూచుకొందము. ఆ జపము 21 సంవత్సరములు సాగినదని చెప్పుదురు. అట్లైనచో దినమునకు సుమారు 1,25,000 సార్లు జపించవలెను. దినమునకు గల సెకన్లు 86,400 మాత్రమే. నేను తప్పు పట్టుటకు ఈ లెక్క వేయలేదు. శ్వాసతో కలిసిపోయిన నామమును అంకెలలో చెప్పబూనిన భక్తులు పెద్ద అంకె నొకదానిని ఎన్నుకొనిరని నా అభిప్రాయము. ధేనుక రాగమున స్వామివారు పాడిన కీర్తన యొకటి కలదు. వేకువనే లేచి, నీట మునిగి, విభూతి పూసి, వ్రేళ్ళు లెక్కించుచు, పైకి మెప్పు పొంది, లోపల ధనార్జనయందే లగ్నమైనవారిని గూర్చినది ఆ పాట. వ్రేళ్ళు లెక్కించు భక్తిని గూర్చి యింత తెలిసిన మనుజుని, ఆయన పోయిన తరువాత మనము కోట్ల లెక్కతో కీర్తించుచున్నాము.

వృత్తి విషయమున ఆయన ఉంఛవృత్తిని స్వీకరించిరి. ఒక చేత తంబుర, ఒక చేత చిడతలు పట్టి, రామనామము పాడుచు వీధులవెంట నడచుచుండగా గృహస్థులు పెట్టిన బియ్యముతో ఆ యింట వంట జరిగెడిది. ఆయన యింట దారాపుత్రికలు మాత్రమే యుండిరని తలపరాదు. దూరదేశములనుండి వచ్చి చేరిన శిష్యులుకూడ ఆ బియ్యముతోనే భుజించిరి. వాలాజాపేటనుండియు, ఉమయాళ్‌పురమునుండియు, తిల్లైస్థానమునుండియు వచ్చిన ఆ శిష్యులవలననే నేడు మనకు సుమారు 700 కీర్తనలు మిగిలినవి. మొదటి భార్య పార్వతమ్మ చిన్నతనముననే గతించినది. పిదప ఆమె చెల్లెలు కమలాంబను వివాహమాడిరి. సీతాలక్ష్మి యను కుమార్తె కలిగినది. ఆడంబరము లేని భక్తిని మనము పొగడునప్పుడు, ఆ యింట పొయ్యి వెలిగించిన కమలాంబగారిని తలచువారు తక్కువ. భిక్ష ఎంత వచ్చునో తెలియకయే ప్రతిదినము ఎసరు పెట్టినది ఆమె.

ఇక అన్నగారి సంగతి. ఈ కథను హరికథలలో వినని గ్రామము ఉండదు. తంజావూరు ప్రభువైన శరభోజి మహారాజు త్యాగయ్య గానమును విని, ధనకనకములు పంపి, తన ఆస్థానమునకు రావలసినదిగా కబురుచేసెననియు, ఆయన నిరాకరించెననియు, నిధి సుఖమా, రాముని సన్నిధిని చేయు సేవ సుఖమా యని మనస్సును ప్రశ్నించు కల్యాణి రాగ కీర్తన అప్పుడే పుట్టినదనియు ప్రసిద్ధి. గ్రంథాలయ సంచికలో వ్రాయుచున్నాను గనుక ఆ రాజును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. హరికథలలో ఆయనను ధనమదముగల వానివలె చూపుదురు. కాని 1798 మొదలు 1832 వరకు తంజావూరు పీఠమున నుండిన ఆ రెండవ శరభోజియే సరస్వతీమహలు గ్రంథాలయమును వేలకొలది తాళపత్రములతోడను, ఐరోపా భాషల పుస్తకములతోడను నింపి నిలబెట్టిన విద్యాప్రియుడు. రాజ్యాధికారమును ఆంగ్లేయులు తీసికొనగా, కోట మాత్రము మిగిలిన ఆయన, మిగిలిన దినములను పుస్తకములకు సమర్పించెను. త్యాగయ్య కాదన్నది దుర్మార్గుని సొమ్ము కాదు. సజ్జనుడైన రాజు ఆదరముతో ఇచ్చిన సొమ్ము. అట్టిదానిని కాదనుటయే కష్టము.

అన్న జపేశుడు దీనిని సహింపలేకపోయెను. ఒకనాటి రాత్రి తమ్ముడు పూజించు శ్రీరామ విగ్రహములను తీసికొనిపోయి కావేరిలో పారవేసెనని పరంపరగా చెప్పుచున్నారు. అన్నను మనవారు రావణునితో పోల్చి చెప్పుట కద్దు. నాకు అంత మాట అనుటకు మనసొప్పదు. తండ్రి పోయిన పిదప ఇంటి బరువు మోసిన పెద్దకొడుకు, ద్వారము వద్దకు వచ్చిన భాగ్యమును తమ్ముడు త్రోసివేయగా చూచి, కడుపు మండినవాడు ఆతడు. ఆతడు చేసినది ఘోరమే. కాని ఆ కోపమునకు కారణము లేకపోలేదు. చివరకు ఇల్లు రెండు భాగములై, ఒక భాగము త్యాగయ్యకు వచ్చినది. తన్ను గూర్చి లోకులు ఆడు నిందలు ఆయన కీర్తనలయందు కానవచ్చుచున్నవి.

విగ్రహములు పోయిన పిదప ఆయన పడిన వేదన యెంతటిదో ఆ కాలమువని చెప్పబడు కీర్తనలు విన్నవారికి తెలియును. తోడి రాగమున, రాముడు ఎచ్చట దాగినాడో యని వెదకు పాట యొకటి కలదు. నదిలో నీరు తగ్గిన పిదప ఇసుకలో విగ్రహములు దొరికినవనియు, అప్పుడు బిలహరి రాగమున ఆనందముతో పాడిరనియు చెప్పుదురు. ఇక్కడ మన చందాదారుని ప్రశ్న మరల ఎదురగును. అంతరంగముననే రాముని కాంచిన వానికి లోహపు బొమ్మలు పోయినంతమాత్రమున అంత దుఃఖమేల? నాకు తోచినది ఇది. ఆయనకు అవి బొమ్మలు కావు. తండ్రి పూజించినవి, ప్రతిదినము మేలుకొలిపి, స్నానము చేయించి, ఊయల నూపి, జోలపాడి పవ్వళింపజేసినవి. బిడ్డను పోగొట్టుకొన్న యింటివారిని, ఆత్మ నాశనము లేనిది గదా, ఏల ఏడ్చెదరని అడుగువారు లేరు.

ఆ మేలుకొలుపు మొదలు పవ్వళింపు వరకు గల సేవలకు ఆయన వ్రాసిన పాటలకే ఉత్సవ సంప్రదాయ కీర్తనలని పేరు. దివ్యనామ కీర్తనలును ఇట్టివే. పండితుల కొరకు చేసిన పెద్ద కృతులవలె గాక, ఇవి నలుగురు కూడి భజనలో పాడుకొనుటకు వీలుగా తేలిక నడకలో కూర్చబడినవి. మన రామమందిరమున శనివారపు భజనలో పాడు స్త్రీపురుషులలో చాలమంది ఈ పాటలను ఎవరు వ్రాసిరో ఎరుగకయే పాడుచున్నారు. పూజను వదలుమని చెప్పదలచినవాడు పూజకు పాటలు వ్రాయునా?

అయితే ఆయన దేనిని ఖండించిరి? సావేరి రాగమున ఒక కీర్తన కలదు. బలమెందుకు, కులమెందుకు, భక్తియే కారణము గదా యను భావముతో మొదలై, ఆ పాట మన ఊరి చెరువుగట్టున కూర్చుండి చూచినట్లే సాగును. కాకియు చేపయు నిత్యము నీట మునుగుచున్నవి, అది ప్రాతఃస్నానమా? కొంగ కన్నులు మూసి నిలుచుచున్నది, అది ధ్యానమా? మేక ఆకులు మేయుచున్నది, అది ఉపవాసమా? పక్షి ఎంత ఎగిరినను సూర్యచంద్రులకు సమానమగునా? గుహలోనున్న వేషధారి ముని యగునా? అడవిలోనున్న కోతిది వనవాసమా? ఇట్లు వరుసగా అడిగి, పై పనిని చూచి లోపలి సంగతి చెప్పుటకు వీలులేదని తేల్చిరి. కొంగ కన్నులు మూయుటలో తప్పు లేదు. దానిని తపస్సని నమ్మి చేపలు దగ్గరకు పోవుటలోనే ప్రమాదము.

ఇక గంట సంగతి ఆభోగి రాగపు కీర్తనలోనిది. అందులో మనస్సును నిలుపు శక్తి లేకపోయినచో అను షరతు ముందున్నది. పూజ ఏమి చేయును అను ప్రశ్న తరువాత వచ్చును. మదము విడువని వానికి కావేరీస్నానము, పరులపై మోజుపడు భార్యగల వానికి సోమయాజి బిరుదము, కామక్రోధములు గల వానికి తపస్సు, ఇవి యేమి రక్షించునని తరువాతి మాటలు. మా చందాదారుడు వెనుక మాటను పట్టుకొని ముందున్న షరతును విడిచెను. నేనును చాలకాలము అట్లే చదివితిని. గంట మ్రోగించు చెయ్యి ఆయనదే. షరతు పెట్టుకొన్నదియు తన చేతికే.

అట్లని చెప్పుటకు నా ఊహ ఒక్కటియే ఆధారము కాదు. పంచరత్న కీర్తనలని ప్రసిద్ధిగాంచిన ఐదింటిలో గౌళ రాగముననున్న కీర్తన పూర్తిగా ఆత్మనింద. పరధనము కొరకు పరుల మనస్సు కరుగునట్లు పలికి కడుపు నింపుకొనుచు తిరిగితిననియు, స్వరలయములు ఎరుగక, గుండె రాయియై, సద్భక్తులతో సమానుడనని చెప్పుకొంటిననియు, మదమాత్సర్య కామలోభములకు దాసుడనై మోసపోతిననియు, ఇట్టి దుడుకు వానిని ఏ దొర కాపాడుననియు అందున్నది. రాజధనమును కాదన్నవాడు, ప్రతి యింట ముందు పాడి బియ్యము తెచ్చుకొన్నవాడు, పరధనమునకు ఆశించితినని చెప్పుకొనుట ఏమి? వినయమునకు చెప్పినదని వ్యాఖ్యాతలు అందురు. వినయము కావచ్చును. కాని ఉంఛవృత్తికి బయలుదేరిన మనుజుడు పాట బాగుగా పాడిన దినమున దోసెడు బియ్యము ఎక్కువ పడుట గమనింపకుండునా? భక్తికి పాడితినా, బియ్యమునకు పాడితినా యను ప్రశ్న ఆ వీధిలోనే ఆయనకు ఎదురై యుండునని నా మనస్సునకు తోచుచున్నది.

ఆయన కీర్తి పెరిగిన కొలది పిలుపులు వచ్చినవి. తిరువాన్కూరు ప్రభువైన స్వాతితిరునాళ్ మహారాజు విద్వాంసుడైన వడివేలును పంపి ఆహ్వానించెనని చెప్పుదురు. అక్కడకును పోలేదు. అయితే వృద్ధాప్యమున, ఉపనిషద్బ్రహ్మ యోగీంద్రులు రమ్మనగా కంచికిని, ఆ వెంట తిరుపతి, మద్రాసు, తిరువొత్తియూరు మున్నగు క్షేత్రములకును యాత్ర చేసిరి. తిరుపతిలో స్వామి యెదుట తెర వేసియుండగా, గౌళిపంతు రాగమున పాడిన కీర్తనతో ఆ తెర తానే తొలగినదని కథ. ఈ కథను మనవారు కన్నులు చెమర్ప చెప్పుకొందురు. కాని కీర్తనను తెరచి చూడుడు. అందు ఆయన తీయుమని వేడుకొన్నది గర్భగుడి ముందరి బట్టతెరను కాదు. తన లోపలనున్న మాత్సర్యమను తెరను. బట్టతెర తొలగినది కన్నులకు కనబడును గనుక కథలో అది నిలిచినది. రెండవ తెర ఎప్పుడు తొలగినదో చూచి చెప్పగల సాక్షి లేడు.

మద్రాసు వద్ద కోవూరులో సుందరేశ మొదలియారను ధనికుడు ఆతిథ్యమిచ్చి, స్వామి స్వీకరింపరని తెలిసి, 1,000 బంగారు నాణెములను రహస్యముగా పల్లకిలో పెట్టించి శిష్యునితో మాత్రము చెప్పెనట. త్రోవలో దొంగలు వెంబడించినప్పుడుగాని స్వామికి సంగతి తెలియలేదు. ఆ సొమ్ము శ్రీరామనవమి ఉత్సవమునకని చెప్పగా, అట్లైన రాముడే కాచుకొనునని ఆయన నిశ్చింతగా నుండిరని కథ. ఇచ్చిన చెయ్యి దాగియుండుట ఈ కథలో నాకు నచ్చిన భాగము. మన గ్రామమున పందిరి స్తంభమునకు కూడ దాత పేరు వ్రాయించుట కద్దు. నవమి చందాల పట్టికలో పేరు క్రింది వరుసకు దిగినదని అలిగి పానకము ముట్టని పెద్దమనుష్యుని నేనెరుగుదును. ఆయన పేరు ఇక్కడను వ్రాయను.

భార్య గతించిన పిదప స్వామివారు ఎక్కువ కాలము జీవింపలేదు. కొండమీద నెలకొన్న రాముని దర్శించినట్లును, పది పూటలలో తన్ను కాపాడుదునని రాముడు పలికినట్లును సహన రాగమున పాడిరి. సన్న్యాసము స్వీకరించి, 1847వ సంవత్సరము జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, దేహము చాలించిరి. శిష్యులు కావేరి ఒడ్డున సమాధి చేసిరి. పిదప ఎవరి యూళ్ళకు వారు చేరిరి. కాలక్రమమున సమాధి శిథిలమై, చుట్టును పొదలు పెరిగినవి. 20వ శతాబ్దపు ఆరంభమున ఉమయాళ్‌పురము శిష్యులు వృద్ధులై వచ్చి, వెదకి, బాగుచేయించిరి.

తరువాత జరిగినది చదువునప్పుడు నవ్వును, విచారమును కలుగును. ఏటేట ఆరాధన జరుపుటకు పూనుకొన్న భాగవతులు రెండు కక్షలైరి. పెద్ద కక్షయని ఒకటి, చిన్న కక్షయని ఒకటి. మాత్సర్యపు తెర తీయుమని వేడుకొన్నవాని సమాధి యెదుటనే ఎవరు ముందు, ఎవరు వెనుక యను తగవు ఏండ్ల తరబడి సాగినది. ఇందులో స్త్రీలకు పాడుటకు చోటే లేదు.

అప్పుడు వచ్చినది బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో జన్మించిన ఆమె దేవదాసీ కులమునందు పుట్టిన విదుషీమణి. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో అచ్చువేయించి ప్రభుత్వ నిషేధమును ఎదుర్కొన్నది ఈమెయే. సమాధి దుస్థితిని గూర్చి విని, తన పాటతో గడించిన ధనమును, నగలను వెచ్చించి, ఆ స్థలమున గుడి కట్టించినది. తాను కట్టించిన గుడిలో తాను పాడరాదని భాగవతులు కట్టడి చేయగా, ఆమె వెనుకవైపున స్త్రీలను చేర్చుకొని వేరుగా పాడించినది. అది మూడవ కక్ష యయినది. చివరకు 1940 ప్రాంతమున కక్షలన్నియు ఏకమై, అందరును కలిసి పంచరత్నములను గోష్ఠిగా పాడు ఆచారము ఏర్పడినది. నేడు ఏటేట పుష్య బహుళ పంచమినాడు వందలాది విద్వాంసులు పట్టువస్త్రములతో వరుసలు దీరి కూర్చుండి, యంత్రములు నలుదిక్కుల ప్రసారము చేయుచుండగా, పరధనమునకు ఆశించితిననియు, సద్భక్తులతో సమానుడనని చెప్పుకొంటిననియు ఒక్క గొంతుకతో పాడుదురు. ఆ పాటలో నేను అను మాట ఎవరిదో పాడువారిలో ఒక్కొక్కరును తమలో తాము తేల్చుకొనవలసినదే.

నాగరత్నమ్మ తన శేషజీవితమును తిరువయ్యారుననే గడపి 1952లో కన్నుమూసినది. ఆమె సమాధి స్వామివారి సమాధికి సమీపముననే కలదు. అందు ఆమె శిలాప్రతిమ చేతులు జోడించి, తాను కట్టించిన గుడివైపు చూచుచు కూర్చుండియున్నది.